కళ్లకు కట్టే కథకులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల శీర్షికకు ‘నచ్చిన కథకులు, వారి వర్ణనలు’ అన్న విషయాన్ని ముందుగానే ప్రకటించాము. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పాఠకుల నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. తమిళ రచయితల గురించి అడిగినవారు కూడా తక్కువేమీ కాదు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి, పొడవైనవాటిని కుదించి, జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, వర్ణన అనగానే మీకు మొదట గుర్తుకు వచ్చే రచయితలెవరు? మీరు తమిళ కథకులను తరచు ప్రస్తావిస్తుంటారు. మన రచయితలలో లేనిది వారిలో ఏముంది? (ఒక ఉపాధ్యాయిని, రాజాం)

జవాబు: మనవారిలో కొరత ఉందని కాదమ్మా. ఒకే వస్తువును వేరువేరు చోట్ల ఉన్న రచయితలు చేపట్టినప్పుడు ఆ రచనలను పక్కపక్కన పెట్టుకుని చదివితే ఎవరి చూపు ఎక్కడ ఆగిందో తెలిసివస్తుంది. తమిళ కథలు మనకు ఆ వీలు బాగా కల్పిస్తాయి, ఎందుకంటే అక్కడి ఊళ్లు, కులాలు, కరువులు, కచేరీలు ఇంచుమించు మనవాటి వంటివే.

నీళ్లనే తీసుకుందాం. కల్కి కృష్ణమూర్తి ‘పొన్నియిన్ సెల్వన్’ను 1950 నుంచి 1954 దాకా తన పత్రికలో ధారావాహికగా రాశారు. మణిరత్నం తీసిన రెండు సినిమాల వల్ల ఆ పేరు ఇప్పుడు మన ఊళ్లలోనూ అందరికీ తెలుసు కాని, నవల మొదటి అధ్యాయం చదివినవారు తక్కువే. అది వీరనారాయణ చెరువు గట్టు మీద మొదలవుతుంది. ఆడి మాసం పద్దెనిమిదో రోజు, కొత్తనీటి పండుగ. చెరువు నిండుగా ఉంది. పిల్లాజెల్లాతో కుటుంబాలన్నీ చిత్రాన్నాలు కట్టుకుని గట్టుకు చేరాయి. ఆ జనం మధ్యగా వందియదేవన్ అనే యువకుడు గుర్రం మీద వస్తాడు. ఇక్కడ కల్కి చేసిన చిన్న ఏర్పాటును గమనించండి. ఆ గుర్రం దూరప్రయాణం చేసి అలసిపోయింది, మెల్లగా నడుస్తోంది, రౌతు కూడా దానిని తొందరపెట్టడు. అదే గుర్రం దౌడు తీస్తూ ఉంటే మనకు చెరువు కనిపించేది కాదు. అడుగులో అడుగు వేస్తోంది కనుకనే నీళ్లూ, తూములూ, గట్టు మీది ఆటపాటలూ వరుసగా కంటబడతాయి, కథ ఎక్కడా ఆగకుండానే వర్ణన పూర్తవుతుంది.

అదే తమిళదేశంలో ఇరవై ఏళ్లు తిరిగేసరికి అశోకమిత్రన్ ‘తణ్ణీర్’ రాశారు. నీళ్లు కరువైన మద్రాసు అందులోని చోటు. సినిమాలలో చిన్న వేషాలు వేసుకునే జమున, ఆమె చెల్లెలు ఛాయ, వీధిలోని మిగతా ఆడవాళ్లతో పాటు బిందెలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ఎండ గురించి, దాహం గురించి ఆయన పెద్ద మాటలేవీ వాడినట్టు నాకు గుర్తు లేదు. ఎవరింట్లో చేతిపంపు ఇంకా పనిచేస్తోంది, వాళ్లు ఇవాళ లోపలికి రానిస్తారా, తెచ్చుకున్న కాసిని నీళ్లను ముందు దేనికి వాడాలి అన్న ఆలోచనలు మాత్రం గుర్తున్నాయి. కరువును అనుభవించే మనిషి బుర్రలో తిరిగేవి కూడా అవే కదా.

ఇప్పుడు మన కాళీపట్నం రామారావు గారి ‘జీవధార’ను ఆ పక్కన పెట్టండి. పేటలోని ఆడవాళ్లు నీళ్ల కోసం ఒక బంగళా ముందు చేరతారు. లోపల నీళ్లున్నాయి, బయట బిందెలున్నాయి, మధ్యన గేటు ఉంది. అశోకమిత్రన్ బిందె మోసే మనిషి ముఖాన్ని దగ్గరగా చూస్తే, కారా గారు గేటును అంత దగ్గరగానూ చూశారు. ఇద్దరిదీ నీటి కథే అయినా ఒకటి చదివాక మనకు జాలి మిగులుతుంది, రెండవది చదివాక కోపం మిగులుతుంది.

సందర్భం వచ్చింది కనుక ఇంకొక మాట. కల్కి వర్ణించిన చెరువును ఇప్పుడు వీరాణం అంటున్నారు. అది కడలూరు జిల్లాలో ఉంది. 2004 నుంచి ఆ నీటిని గొట్టాల ద్వారా చెన్నైకి తెస్తున్నారు. అంటే జమున బిందె పట్టుకుని తిరిగిన నగరం ఈనాడు వందియదేవన్ చూసిన చెరువు నీళ్లు తాగుతోందన్నమాట.

మీరు సూటిగా అడిగారు కనుక చెబుతున్నాను: తమిళంలో నా మొదటి ఓటు అశోకమిత్రన్‌కే. ఆయన 1931లో సికింద్రాబాదులో పుట్టారు. నిజాం పాలన చివరి రోజులను ఒక కుర్రవాడి సైకిలు, క్రికెట్టు మీదుగా చెప్పిన ‘పదినెట్టావదు అట్చక్కోడు’ అనే ఆయన నవలను తెలుగువారంతా చదవవలసి ఉంది.

ప్రశ్న: కారా మాస్టారి కథలలో చెట్టూ చేమల వర్ణన దాదాపు కనబడదు. అయినా ఆయన ఊరిని కళ్లకు కట్టిస్తారని మా అధ్యాపకులు అంటారు. అదెలా? (ఒక డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం)

జవాబు: మీ అధ్యాపకులు సరిగానే చెప్పారు. వర్ణన అంటే ప్రకృతి వర్ణనే అన్న అభిప్రాయం మనకు ప్రబంధాల పాఠాల నుంచి వచ్చింది. పరీక్షలో మార్కులు కూడా దానికే పడతాయి కనుక అది అంత తొందరగా పోదు.

‘యజ్ఞం’ తీయండి. సుందరపాలెం ధర్మమండపంలో పంచాయితీ జరుగుతుంది. గోపన్నకు అప్పల్రాముడు బాకీ తీర్చాలా వద్దా అన్నది తగువు. ఆ తగువును విప్పుతూ విప్పుతూ కారా గారు ఊరికి రోడ్డు రావడం, బడి రావడం, శ్రీరాములు నాయుడి పెద్దరికంలో ఊరు బాగుపడడం అన్నీ చెప్పుకుంటూ వస్తారు. ఇంత బాగుపడిన ఊళ్లో అప్పల్రాముడి కుటుంబం ఎలా చితికిపోయిందన్న ప్రశ్న దగ్గరికి మనలను తీసుకువెళ్లి నిలబెడతారు. ఆ మండపంలో మనమూ ఒక మూల కూర్చున్నామన్న భావన ఎక్కడినుంచి వచ్చింది? మండపం స్తంభాలను వర్ణించినందువల్ల వచ్చింది కాదు. ఎవరు ముందు మాట్లాడతారు, ఎవరు ఎవరి మాటకు అడ్డుపడతారు, ఎవరు చివరిదాకా నోరు విప్పకుండా ఉంటారు అన్న వరుసను ఆయన తప్పులేకుండా పట్టుకున్నందువల్ల వచ్చింది. మన జిల్లాలో ఒక్క పంచాయితీకైనా వెళ్లి చూసినవారికి ఆ వరుస ఎంత నిజమో తెలుసు. కథ ముగింపును మాత్రం ఇక్కడ చెప్పను. చదవనివారు ఇంకా ఉన్నారు.

‘చావు’ కథలో చలి ఉంటుంది. ఒక ముసలమ్మ చనిపోతుంది, ఆమెను కాల్చడానికి కట్టెలు కావాలి, కట్టెలు కొనే స్థితి ఆ ఇళ్లకు లేదు. బతికున్నవాళ్ల చలిమంటకే పుల్లలు కరువైన రాత్రి చితికి కట్టెలెక్కడివి? ఆ ప్రశ్న మనసులో పడ్డాక మంచు గురించి వేరే చెప్పవలసిన పని రచయితకు ఉండదు.

తమిళంలో ఆయనకు జోడీ ఎవరని మీరు అడగలేదు కాని చెబుతాను. కి. రాజనారాయణన్, అందరూ కి.రా. అని పిలుచుకున్న పెద్దాయన. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్ ఆయన ఊరు. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం. తెలుగుదేశం నుంచి ప్రాణాలు, పరువు దక్కించుకోవడానికి దక్షిణానికి పారిపోయి, నల్లరేగడి నేలలో ఊరు కట్టుకున్నవారి కథే ఆయన ‘గోపల్ల గ్రామం’. దాహంతో నీళ్లకు వంగిన ఒక స్త్రీని నగల కోసం ఒక దొంగ చంపుతాడు; చనిపోతూ ఆమె వాడి కాలివేలిని పళ్లతో పట్టుకుంటుంది, వాడు విడిపించుకోలేక దొరికిపోతాడు. కి.రా. ఆ దృశ్యాన్ని అరుగు మీద కూర్చుని పక్కవాడికి చెబుతున్నంత తాపీగా రాస్తారు. ఆ తాపీతనమే మనలను వణికిస్తుంది. కి.రా. 2021 మే 17న, కారా గారు అదే సంవత్సరం జూన్ 4న కన్నుమూశారు. ఊరిని లోపలి నుంచి తెలిసిన ఇద్దరు పెద్దలను రెండు భాషలూ మూడు వారాలలోపే పోగొట్టుకున్నాయి.

ప్రశ్న: సంగీతాన్ని మాటలతో వర్ణించడం సాధ్యమా? కథల్లో కచేరీ ఘట్టం రాగానే నాకు విసుగు పుడుతుంది. (ఒక వయొలిన్ విద్యార్థిని తండ్రి, విజయనగరం)

జవాబు: 1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన ఊరు మీది. మీకు విసుగు పుట్టిందంటే తప్పు రచయితదే అయి ఉంటుంది. చాలామంది కథకులు రాగాల పేర్లు ఏకరువు పెట్టి, శ్రోతల కళ్లలో నీళ్లు తిప్పించి, పని అయిపోయిందనుకుంటారు. రాగం తెలిసినవాడికి ఆ జాబితా అక్కరలేదు, తెలియనివాడికి అది పనికిరాదు.

తి. జానకిరామన్ ‘మోహముళ్’ చదివి చూడండి. కుంభకోణం వీధులు, కావేరి గాలి, తనకంటె పెద్దదైన యమున మీద బాబుకు కలిగిన మోహం ఒకవైపు, రంగణ్ణ దగ్గర సంగీత శిక్షణ ఇంకొకవైపు సాగుతాయి. జానకిరామన్‌కు స్వయంగా సంగీతం వచ్చు, అయినా తన పాండిత్యాన్ని పేజీలలో గుమ్మరించలేదు. రంగణ్ణ నేర్పేది చప్పట్ల కోసం పాడే విద్య కాదు, నాదాన్ని ఉపాసించడం. కాబట్టి నవలలో మనకు ఎక్కువగా కనిపించేది పాడుతున్న నోరు కంటె వింటున్న చెవి. మనసు చెదిరినప్పుడు బాబు చెవి ఎలా మొద్దుబారుతుందో, కుదుటపడినప్పుడు ఎలా తెరుచుకుంటుందో గమనిస్తూ పోతే సంగీతం తనంతట తానే మనకు అందుతుంది.

మీ ఊరివాడైన చాసో ఇంకా సాహసం చేశారు. చాగంటి సోమయాజులు గారు శ్రీకాకుళంలో పుట్టినా కథలన్నీ విజయనగరం గాలిలో రాసినవే. ‘వాయులీనం’ కథలో రాజ్యం వయొలిన్ నేర్చుకున్న మనిషి. సంసారంలో పడ్డాక వాద్యం మూలబడింది. ఆమెకు జబ్బు చేస్తుంది, ఖర్చులకు వయొలిన్ అమ్ముడుపోతుంది. భర్త చెడ్డవాడు కాడు. ఆమెకు చీర కూడా తెస్తాడు. కథ మొత్తంలో గొప్ప కచేరీ ఏదీ జరగదు. పోయిన వాద్యం చోటు ఇంట్లో ఖాళీగా కనబడినప్పుడే అది ఆమెకు ఏమిటో మనకు అర్థమవుతుంది. మీ అమ్మాయి చేత ఈ కథ చదివించండి. సాధన చేయమని నాలుగు రోజులు పోరుపెట్టేదానికంటె ఎక్కువ పని చేస్తుంది.

చాసో పొదుపు గురించి కూడా ఒక మాట చెప్పాలి. ‘ఎందుకు పారేస్తాను నాన్నా!’ కథలో ఫీజు కట్టలేక బడి మానేసిన కృష్ణుడిని తండ్రి చుట్టలు తెమ్మని పంపుతాడు. దారిలో బడి ఉంది. అంతే. ఆ వీధి పొడవు ఎంతో, ఇళ్లు ఎలా ఉన్నాయో చెప్పకపోయినా, తోటి పిల్లల కంట పడకుండా ఆ బడి ముందు నుంచి నడవడం ఎంత దూరమో మన కాళ్లకు తెలుస్తుంది.

ప్రశ్న: రావిశాస్త్రి గారి ‘వర్షం’ కథ లాంటి వాన తమిళంలో ఎవరైనా కురిపించారా? అన్నట్టు, ఆయన ఉపమానాలు కొంచెం ఎక్కువని మీకు అనిపించదా? (ఒక న్యాయవాది, బొబ్బిలి)

జవాబు: రెండవ ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఎక్కువే. కాని రాచకొండ విశ్వనాథ శాస్త్రి గారి పోలికలను తీసేసి చదవబోతే మిగిలేది కథాసారాంశం, రావిశాస్త్రి కాదు. ఆయన పోలిక మీద పోలిక పేర్చేది అలంకారం కోసం కాదు. ఒక దుర్మార్గాన్ని ఒక్క దెబ్బ కొడితే కోపం చల్లారదు కనుక. ‘ఆరు సారా కథలు’లో కోర్టులను, పోలీసులను, సారా కేసులను చూపించినప్పుడు ఆ పద్ధతి ఎంత అవసరమో మీ వృత్తిలో ఉన్నవారికి నేను చెప్పనక్కరలేదు. ప్రేమ ఘట్టాలలో మాత్రం ఆ జోరు నాకు కూడా ఒక్కొక్కసారి అడ్డు తగులుతుంది.

‘వర్షం’లో వాన ఒక కుర్రవాడిని టీ పాకలో కూర్చోబెడుతుంది. బయట కుంభవృష్టి, లోపల ముసలి తాత, అతని బతుకు కబుర్లు. వాన లేకపోతే ఆ చదువుకున్న అబ్బాయి ఆ తాత మాట వినేవాడే కాదు. తమిళంలో జయకాంతన్ 1966లో ‘అగ్నిప్రవేశం’ రాశారు. అక్కడా వానే. కాలేజీ ముందు బస్సు కోసం నిలబడిన అమ్మాయిల్లో చివరకు ఒక్కతే మిగిలిపోతుంది, ఒక కారు వచ్చి ఆగుతుంది, ఆమె ఎక్కుతుంది. ఇంటికి తిరిగి వచ్చి జరిగిన అన్యాయం చెప్పినప్పుడు తల్లి మొదట కుమిలి, ఆ తరువాత కూతురి తల మీద నీళ్లు పోసి, నువ్వు శుభ్రపడ్డావు పొమ్మంటుంది. కథ మొదట్లో ఆమెను తడిపిన వాన నీళ్లు, చివర తల్లి పోసిన నీళ్లు. ఈ రెంటి మధ్యనే కథంతా ఉంది. ఆనాటి పాఠకులు చాలామంది ఆ తల్లిని ఒప్పుకోలేదు. జయకాంతన్ ఊరుకోకుండా, ఆ తల్లి నలుగురిలో రచ్చ చేసి ఉంటే ఆ పిల్ల బతుకు ఏమై ఉండేదో ‘సిల నేరంగళిల్ సిల మనిదర్గళ్’ అనే నవలగా రాశారు. 1972లో సాహిత్య అకాడెమీ బహుమతి దానికే వచ్చింది.

ప్రశ్న: 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా తోటలను కూల్చేసిన రాత్రి మేము విన్న గాలిని ఏ పుస్తకంలోనూ నేను చూడలేదు. పద్మరాజు గారి ‘గాలివాన’ చదివాను. బాగుంది గాని మా గాలి కాదనిపించింది. (ఒక కొబ్బరి రైతు, వజ్రపుకొత్తూరు)

జవాబు: మీ మాటతో నేను ఏకీభవిస్తాను. ‘గాలివాన’ గొప్ప కథ. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక ప్రపంచ స్థాయిలో జరిపిన కథల పోటీలో రెండవ బహుమతి పొందింది. అందులోని గాలి రావుగారి కోసం వీచిన గాలి. ఆయన నియమాలు, నిష్ఠలు, ఉపన్యాసాలు గల పెద్దమనిషి. రైలు దిగి ఒక చిన్న స్టేషనులో చిక్కుపడతాడు. అంతకుముందు తాను చీదరించుకున్న బిచ్చగత్తె తప్ప ఆ రాత్రి ఆయనకు మరో తోడు ఉండదు. గాలి తలుపులు విరగ్గొడుతుంటే ఆయన లోపల ఏళ్ల తరబడి కట్టుకున్న గోడలు కూడా కదులుతాయి. ఆ కథలోని తుఫాను రావుగారికి సరిపోయేంత ఉంది, అంతకుమించి లేదు; ఉండకూడదు కూడా.

రావుగారికి తోట లేదు. తెల్లవారాక వేళ్లతో సహా పడి ఉన్న చెట్లను చూసుకుంటూ, ఇది తాత నాటినది, ఇది పెళ్లయిన ఏడు నాటినది అని గుర్తుపట్టవలసిన అవసరం ఆయనకు రాదు. మీ ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి చెట్టు పడిపోవడం వేరు, జీడిమామిడి చెట్టు పడిపోవడం వేరు. మళ్లీ నాటితే ఏది ఎన్నేళ్లకు కాపుకు వస్తుందో మీకు నోటిలెక్కగా తెలుసు. చెట్టు విరిగిన చప్పుడు విన్న వెంటనే ఆ లెక్క మీ మనసులో మొదలై ఉంటుంది. మీరు వెతుకుతున్న గాలి ఆ లెక్కలో ఉంది, దానిని మీ మండలం మనిషే రాయాలి. మీ ఉత్తరంలో, తెల్లవారి మీ నాన్నగారు తోటలోకి వెళ్లకుండా ఇంటి వెనక గుమ్మంలోనే కూర్చుండిపోయారని రాసిన నాలుగు వరుసలను నేను రెండుసార్లు చదివాను. అవి అలాగే ఉంచి మిగతాది రాయండి.

ప్రశ్న: మా ఊరికి ఆనుకుని నౌపడ ఉప్పు మడులు ఉన్నాయి. ఉప్పు పని చేసేవారి గురించి నవల ఏదైనా ఉందా? (ఒక అంగన్‌వాడీ కార్యకర్త, సంతబొమ్మాళి)

జవాబు: తమిళంలో రాజం కృష్ణన్ గారి ‘కరిప్పు మణిగళ్’ ఉంది. తూత్తుకుడి ఉప్పు మడులలో పనిచేసేవారి జీవితం. ఆమె గదిలో కూర్చుని ఊహించి రాసే రచయిత్రి కారు. ఏ జనం గురించి రాయదలుచుకుంటే ఆ జనం ఉన్న చోటికి వెళ్లి, వారి మధ్య తిరిగి, విని రాసేవారు. నీలగిరి కొండలవారి మీద ‘కురింజిత్తేన్’, జాలరుల మీద ‘అలైవాయ్ కరైయిలే’ అలా పుట్టినవే. ఉప్పు నవలలో ఆమె చూపు ఎక్కువగా శరీరం మీద ఉంటుంది: ఎండలో తెల్లగా మెరిసే మడిని రోజంతా చూసిన కళ్లు, ఉప్పునీటిలో నానిన పాదాలు. రోడ్డు మీద నుంచి బస్సులో పోయేవారికి తెల్లని కుప్పలు అందంగానే కనబడతాయి. మడిలో దిగినవారికి ఆ తెలుపే శత్రువు. ఆమె శైలిలో కొన్నిచోట్ల సమాచారం ఎక్కువై కథ నెమ్మదిస్తుందన్నది నిజమే గాని, మీకు మాత్రం ఆ సమాచారమే ఆసక్తిగా ఉంటుందని నా నమ్మకం.

ప్రశ్న: హాస్యం రాసేవారికి వర్ణనతో పని ఉంటుందా? (ఒక పాఠకుడు, ఎస్.కోట)

జవాబు: మీకు పక్కనే ఉన్న అలమండ మనిషి, వ్యంగ్య రచయిత కె.ఎన్.వై. పతంజలి గారిని అడగవలసిన ప్రశ్న. భూమి బల్లపరుపుగా ఉందా గుండ్రంగా ఉందా అని ఊరు ఊరంతా కొట్టుకునే ‘గోపాత్రుడు’లో ఆ రాజులు కూర్చునే తీరు, కోపం తెచ్చుకునే తీరు ఖచ్చితంగా ఉన్నాయి కనుకనే ఆ అసంభవమైన తగాదా నిజమనిపిస్తుంది. ‘వీరబొబ్బిలి’లో కుక్క ఆలోచనలను కూడా అంతే గంభీరంగా రాశారు. తమిళ కథకుడు పుదుమైపిత్తన్ కథలో దేవుడు మద్రాసు వీధిలో దిగి కందసామి పిళ్లైతో కాఫీ హోటలుకు వెళతాడు. ఆ హోటలు నిజమైన హోటలు లాగే ఉంటుంది, కనుక దేవుడి అవస్థ మనకు నవ్వు తెప్పిస్తుంది.

ప్రశ్న: ఒడిశా కొండల నుంచి దిగిన ఏనుగులు మా పొలాల్లో తిరుగుతున్నాయి. అడవిని, జంతువులను బాగా రాసిన కథలు చెప్పండి. (ఒక రైతు, కురుపాం)

జవాబు: తెలుగులో అల్లం శేషగిరిరావు గారి వేట కథలు. ‘చీకటి’ కథలో తెల్లవారకముందు పిట్టల కోసం మాటువేసిన కెప్టెన్, వెంట వచ్చిన డిబిరిగాడు, చుట్టూ చీకటి. చప్పుడును బట్టే అంతా తెలుసుకోవాలి. తమిళం నుంచి వచ్చినవాటిలో జయమోహన్ కథల సంపుటి ‘నెమ్మి నీలం’ దొరుకుతుంది. అవినేని భాస్కర్ గారు అనువదించారు. అందులో ఏనుగుల వైద్యుడి కథ చదవండి. కుళ్లిన ఏనుగు కళేబరాన్ని ఆ డాక్టరు కోసి పరీక్ష చేసే ఘట్టంలో పురుగులు, వాసన ఏవీ దాచలేదు. మొదట కడుపులో తిప్పుతుంది. చదువుతూ పోయేకొద్దీ ఆ డాక్టరుకు అది అసహ్యంగా ఎందుకు లేదో అర్థమై, మన చూపే మారుతుంది. అడవికి వచ్చినవారు తాగి పారేసిన సీసా పెంకులు ఏనుగు పాదాన్ని ఏం చేస్తాయో కూడా అందులో ఉంది. మీ చేను తొక్కేసిన ఏనుగు మీద మీకు ప్రేమ పుట్టాలని నేను చెప్పను. ఆ కష్టం మీది. ఆ కథ కూడా ఇంకా ఎవరో రాయవలసే ఉంది.

ప్రశ్న: నేను రాసిన కథను ఒక పత్రిక ‘వర్ణన ఎక్కువైంది’ అని తిప్పి పంపింది. కథ ప్రతిని జతపరుస్తున్నాను. ఎక్కడ తగ్గించాలో చెప్పగలరా? (ఒక యువరచయిత, ఆమదాలవలస)

జవాబు: చదివాను. వర్ణన ఎక్కువ కాలేదు, అది మీ పాత్రది కాకుండా పోయింది. నెలలు నిండిన భార్యను నాటుబండిలో ఎక్కించుకుని మీ కథానాయకుడు తెల్లవారుజామున వంశధార రేవుకు చేరుకుంటాడు. అవతలి గట్టున ఆసుపత్రి ఉంది. ఆ సమయంలో మీరు ఒక పేజీన్నర సూర్యోదయం రాశారు: కుంకుమ రంగు ఆకాశం, కొంగల బారు, నీటి మీద బంగారు తళుకులు. వాక్యాలు బాగానే ఉన్నాయి. కాని ఆ మనిషి ఆకాశం వైపు తల ఎత్తుతాడా? రాత్రి ఎగువన వాన పడిందా, నీటి రంగు మారిందా, నిన్న కనబడిన ఇసుక తిన్నె ఇవాళ కనబడుతోందా, ఎద్దు కాలు ఎంత లోతు దిగింది అని చూస్తాడు. వెనక నుంచి వచ్చే మూలుగు పెరిగిందా తగ్గిందా అని వింటాడు. తెల్లవారుతోందన్న సంగతి అతనికి కావలసింది ఒక్కందుకే, అవతలి గట్టు మీద మనిషి ఎవరైనా ఉన్నారో లేదో కనబడడానికి.

కాబట్టి కొంగలను, తళుకులను తీసేయండి. రెండవ పేజీ అడుగున, ఎడమవైపు ఎద్దు నీళ్లలోకి దిగనని మొరాయిస్తే అతడు దానిని కొట్టకుండా మెడ నిమిరాడని ఒక వాక్యం రాశారు. ఆ వాక్యాన్ని అక్కడి నుంచి తెచ్చి రేవు ఘట్టం మొదట్లో పెట్టండి. ఆసుపత్రిలో నర్సు మాటలు మూడు పేజీలు నడిచాయి, అవి సగానికి తగ్గినా నష్టం లేదు. తీరిక చేసుకుని ఒక ఆదివారం శ్రీకాకుళంలోని కథానిలయానికి వెళ్లండి. కారా గారు 1997లో నెలకొల్పిన ఆ గ్రంథాలయంలో పాత పత్రికలలోని తెలుగు కథలు పోగుచేసి ఉంచారు. ఇవాళ మనం చెప్పుకున్న తెలుగు కథలను అక్కడ అడిగి చదువుకోండి. మార్చి రాసిన కథను మాకే పంపండి, తప్పక చూస్తాను. ఈసారి కాగితానికి ఒకవైపే రాయండి, పక్కన మార్జిను వదలండి.